పెంటకుప్ప జరిపిన ఏడాది

నేను కోడలిగా అడుగుపెట్టిన ఇంట్లో వంటింటికీ పశువుల కొట్టానికీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఆ గోడలో ఒక కంత ఉండేది. ఇటు నుంచి బియ్యం కడిగిన నీళ్లు పోస్తే అటు కుడితి గోలెంలో పడేవి. ఇంటికి వచ్చిన చుట్టాలకు మా అత్తమ్మ ఆ కంతను ప్రత్యేకంగా చూపించేది. "మా కోడండ్లకు కాలు తీసి బయట పెట్టే పని లేదు" అనేది.

కొట్టం వెనకాల పెంటకుప్ప. దాని పక్కనే చేదబావి. పశువుల పేడా, గడ్డీ, కొట్టం ఊడ్చిన చెత్తా ఏడాది పొడుగునా ఆ కుప్పలోనే పడేవి. ఊళ్లో ఎవరి కుప్ప ఎత్తుగా ఉంటే వాళ్లకు అంత పశుసంపద ఉన్నట్టు. మా మామ ఊరికి పెద్దమనిషి, అందరూ పటేల్ అనేవాళ్లు. తగవులు తీర్చేవాడు. ఎన్నికలు వస్తే నాయకులు ఆయన వాకిట్లోకే వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లకు ఆ కుప్ప కనిపించేటట్టు మంచం వాల్చి కూర్చోబెట్టేవాడు.

స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు దిగి, చిల్పూర్ దిక్కు ఎడ్లబండి మీద పోతే ఆ ఊరు వస్తుంది. నేను పుట్టి పెరిగింది తొర్రూరులో. మా బాపుది, అంటే మా నాన్నది, వ్యాపారం, పాలు కొనుక్కునే ఇల్లు మాది. వరంగల్‌లో కాలేజీలో సైన్సు చదవడానికి చేరాను. డాక్టరో, నర్సో, ఏదో ఒకటి అయితీరుతాననుకున్నాను. అంతలో అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం వచ్చింది. కాలేజీలు మూతబడ్డాయి. ఊరేగింపుల్లో నడిచాం, గొంతు పోయేదాకా నినాదాలు చేశాం. హాస్టలు కూడా మూసేస్తే పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చాను. కాలేజీ తలుపులు మళ్లీ తెరుచుకునేలోపు నాకు పెళ్లయిపోయింది. మా ఆయనకు వరంగల్‌లో ఉద్యోగం. శనివారం సాయంత్రం రైలుకు వచ్చి, సోమవారం పొద్దున పోయేవాడు. నేను అత్తగారింట్లోనే ఉండేదాన్ని.

ఆ ఇంట్లో నాకు మొదటి నుంచీ దగ్గరైంది మా యారాలు, అంటే మా బావ భార్య. ఆమెది భూపాలపల్లి అడవుల దిక్కు ఊరు. తక్కువ మాట్లాడేది, ఎక్కువ పనిచేసేది. నేను రాకముందే ఆమెకు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. ఇద్దరూ పాకే వయసులో, వానాకాలంలో, బేదులు పట్టుకుని పోయారు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. ఆమె మాత్రం ఏ ఇంట్లో పసిపిల్ల ఏడ్చినా చేతిలో పని ఆపి అటు చూసేది.

వానాకాలం వస్తే పిల్లలకు కడుపు పారడం ఆ ఊళ్లో మామూలు సంగతి. నాట్లు మొదలయ్యేవి. ముసురు పట్టి పశువులు కొట్టంలోంచి కదిలేవి కావు. బావి నీళ్లకు రంగు వచ్చేది. పిల్లలు పడిపోయేవాళ్లు. అన్నీ ఒక్కసారే జరిగినా, వీటిని కలిపి ఎవరూ ఆలోచించలేదు. "పండ్లొస్తున్నయి, గందుకే పారుతున్నది" అనేవాళ్లు. లేకపోతే దిష్టి.

నా బిడ్డ పాకడం నేర్చిన ఏడు, మామ కొత్తగా కొన్న బర్రె ఈనింది. ఆ లేగదూడ అంటే ఆయనకు ప్రాణం. కొట్టంలో వాన జల్లు కొడుతుందని దాన్ని తెచ్చి నడిమింట్లో స్తంభానికి కట్టేశాడు. నా బిడ్డకు అది ఆటవస్తువు అయింది. పాకుతూ పోయి దాని కాళ్లు పట్టుకునేది, దాని కింద తడిసిన నేలను అరచేత్తో కొట్టేది, ఆ చెయ్యి నోట్లో పెట్టుకునేది. నేను ఎత్తుకొచ్చేదాన్ని, మళ్లీ పోయేది. "పసులను చూసి భయపడని పిల్ల" అని మామ మురిసిపోయేవాడు.

ముందు దూడకు పారింది. రెండు పూటలు తిరగకముందే నా బిడ్డకు మొదలైంది.

తాగిన పాలు తాగినట్టే కక్కేది. బట్టలు మార్చి మార్చి ఆరేసిన బట్టలన్నీ అయిపోయాయి. నీళ్ల కోసం ఏడ్చేది. నేను చెంబు అందుకోబోతే అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"పారేదానికి నీళ్లు తాపితే ఇంకింత పారుతది. పాలు గూడ బంద్ పెట్టు. కడుపు ఎండితె అదే తక్కువైతది."

ఆమె చెడ్డది కాదు. తన తల్లి చెప్పింది తనకు తెలుసు, అంతే. కానీ మర్నాటికి నా బిడ్డ కళ్లు లోపలికి పోయాయి. మాడు మీద గుంట పడింది. ఏడుస్తుంటే కన్నీళ్లు రావడం లేదు. సైన్సు చదివిన ఆ కొద్దిరోజుల్లో నాకు దీని గురించి ఎవరూ చెప్పలేదు. అయినా ఎండిపోయే మొక్కకు నీళ్లు ఆపడం వైద్యం కాదని నా మనసుకు తెలుస్తూనే ఉంది.

అదే పొద్దున మామ ఘన్‌పూర్‌కు మనిషిని పంపి పశువుల డాక్టరును పిలిపించాడు. నా బిడ్డ కోసం కాదు, దూడ కోసం. డాక్టరు సైకిలు మీద వచ్చాడు. ఆయన దూడను చూస్తుండగానే వాన పెద్దదై, ఊరి ముందరి వాగు పొంగింది. ఇక ఆయన పోవడానికీ లేదు, మేం బండి కట్టడానికీ లేదు.

ఆయనది కోస్తా. ఉద్యమం అయిపోయి ఏళ్లు గడిచినా మా ఇంట్లో ఆ వేడి చల్లారలేదు. ఆయన యాస విని మామ మీసాల చాటున నవ్వేవాడు, కానీ పశువుల విషయంలో ఆయన చెప్పిందే చేసేవాడు.

"కాచి చల్లార్చిన నీళ్లలో బెల్లం, కాస్త ఉప్పు కలిపి దూడకి కొంచెం కొంచెంగా పట్టిస్తూ ఉండండి" అని చెప్పాడు డాక్టరు.

గుమ్మం చాటు నుంచి అత్తమ్మ అడిగింది. "పారేటి దూడకు నీళ్లు పోస్తరా ఎక్కడన్న?"

"ఒంట్లో నీరంతా పోతోంది కదండీ. పోయింది మళ్లీ పొయ్యకపోతే బతకదు."

ఆ మాట విన్న తర్వాత నేను ఆగలేదు. మగవాళ్లు కూర్చున్న వసారాలోకి కోడళ్లు పోయే ఆనవాయితీ ఆ ఇంట్లో లేదు. నేను బిడ్డను ఎత్తుకుని సరాసరి డాక్టరు ముందు నిలబడ్డాను.

"డాక్టర్ సాబ్, గవే నీళ్లు నా బిడ్డకు పొయ్యొచ్చునా?"

మామ లేచి నిలబడ్డాడు. డాక్టరు తడబడ్డాడు. "నేను పశువుల డాక్టర్నమ్మా. మనుషులకి మందివ్వకూడదు" అన్నాడు. అంటూనే నా బిడ్డను చూశాడు. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలాడు. పట్టినచోట ముడత అలాగే నిలబడిపోయింది. ఆయన గొంతు మారింది.

"మందు సంగతి వేరు. ఇవి నీళ్లు. ఇప్పుడే మొదలుపెట్టండి. చెంచాతో పొయ్యండి, కక్కితే కాసేపు ఆగి మళ్లీ పొయ్యండి. మీరు ముందు రుచి చూడండి, కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు. తల్లిపాలు ఆపకండి. వాగు తగ్గగానే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఆలస్యం చెయ్యొద్దు."

అత్తమ్మ నాకు అడ్డం వచ్చింది. "ఆంధ్రాయన, అండ్ల పసుల డాక్టరు. ఆయన మాట విని పిల్లను సంపుకుంటవా?"

నేను బదులు చెప్పేలోపే వంటింట్లోంచి మా యారాలు వచ్చింది. చేతిలో గిన్నె ఉంది. నీళ్లు అప్పటికే కాచి, వెడల్పు పళ్లెంలో ఆరబోసి, బెల్లం, ఉప్పు కలిపి తెచ్చింది. ఆ ఇంట్లో అత్తకు ఎదురు నిలబడి ఆమె మాట్లాడటం నేను అదే మొదటిసారి చూశాను.

"నా ఇద్దరికీ నీళ్లియ్యలే అత్తమ్మా. పెదవులు నాలుకతోని తడుపుకుంట నా దిక్కు చూసిండ్రు. నువ్వు వద్దంటె చెంబు దాచిపెట్టిన. గీ పిల్లకు నేనే పోస్త. ఎవలు ఆపుతరో ఆపుండ్రి."

ఎవరూ ఆపలేదు.

ఆమె ఒళ్లో నా బిడ్డను పడుకోబెట్టుకుంది. నేను చెంచాతో పోశాను. మొదట కక్కింది. ఆగి మళ్లీ పోశాం. నడిమింట్లో ఇటు మేము, అటు వెదురు గొట్టంతో దూడకు నీళ్లు పట్టిస్తూ మా బావ. మధ్యాహ్నం దాటాక దూడ మెడ వాల్చేసింది. అది దక్కలేదు. మామ దాని పక్కన కూలబడ్డాడు. అత్తమ్మ మా మీద ఒక్క అరుపు అరిచింది. "చూసిండ్రా! నీళ్లు పోసి సంపిండ్రు! చెంచా అవతల పడెయ్యండి!"

డాక్టరు లోపలికి వచ్చి, "దూడకి ఆలస్యం అయిందమ్మా, పాపకి కాలేదు. ఆపొద్దు" అన్నాడు. నేను ఆపలేదు. పొద్దు వాలే వేళకు నా యారాలు ఒక్కసారిగా కేక పెట్టింది. ఆమె చీర వెచ్చగా తడిసింది. బిడ్డ ఉచ్చ పోసింది. ఆ తడి చీర చేత్తో పట్టుకుని ఆమె ఏడ్చిన ఏడుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఎవరి కోసం ఏడుస్తున్నదో నాకు తెలుసు.

తెల్లవారేసరికి వాగు తగ్గింది. బండి మీద ఘన్‌పూర్ దవాఖానకు పోయాం. దారిపొడుగునా చెంచాతో పోస్తూనే ఉన్నాం. అక్కడి డాక్టరమ్మ పిల్లను చూసి, "నీళ్లు పోసి మంచి పని చేసిన్రు. లేకుంటే ఇక్కడిదాక వచ్చేది కాదు" అంది.

అంతకుముందు, వాగు దాటాక సైకిలెక్కి ముందుకు పోతూ పశువుల డాక్టరు నాకు ఇంకో మాట చెప్పాడు. "దూడ జబ్బే పాపకి అంటిందని నేను కచ్చితంగా చెప్పలేనమ్మా. కానీ దూడ పారిన నేల మీద పాప పాకింది. అదే చెయ్యి నోట్లో పెట్టుకుంది. పశువునీ పసిపిల్లనీ ఒకేచోట ఉంచకండి. మీ బావి కూడా పెంటకుప్పకి మరీ దగ్గరగా ఉంది."

ఆయన లాంటివాళ్లు వెనక్కి పోవాలని వరంగల్ వీధుల్లో అరిచినవాళ్లలో నేనూ ఉన్నాను. మా ఉద్యోగాలు మాకు రావాలని అడిగాం. ఆ అడగడంలో న్యాయం ఉందని ఈ రోజుకూ అంటాను. మా వసారాలో చిక్కుకుపోయిన ఆ మనిషి నా బిడ్డకు బతికే దారి చూపించాడన్నది కూడా అంతే గట్టిగా అంటాను.

దవాఖాన నుంచి వచ్చిన మర్నాడు నేను చేసిన మొదటి పని, వంటింటి గోడలో కంతను ఇటుకలు పెట్టి మట్టితో పూడ్చేయడం. కుడితి ఇక బయటి నుంచి మోసుకుపోయి పోశాం. దూడలను ఇంట్లో కట్టనివ్వలేదు. పాలు పిండేముందు పొదుగు కడగాలన్నాను. పాలు కాచనిదే పిల్లకు పట్టనన్నాను. వాకిట్లో పేడనీళ్లు చల్లాక సబ్బుతో చేతులు కడిగి కానీ పిల్లకు బువ్వ పెట్టేదాన్ని కాదు. అత్తమ్మకు ఆ పని నొచ్చింది.

"పెండ అంటె లక్ష్మి. లక్ష్మిని తాకి చేతులు కడుక్కుంటవా?"

"లక్ష్మే అత్తమ్మా, కాదంటలేను. వాకిట్ల ఉన్నంత సేపు లక్ష్మి. పిల్ల నోట్లెకు పోవద్దు."

ఇవన్నీ నా చేతిలో పనులు. పెంటకుప్ప నా చేతిలో లేదు. అది మామది. శనివారం వచ్చిన మా ఆయనతో చెప్పాను. ఆయన అంతా విని, "నాయినతోని నేను మాట్లాడలేను. నువ్వైతే మాట్లాడగలవు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, కొంచెం గర్వంగానూ అనిపించింది. మాట్లాడాను.

"గది మా తాత కాలం నుంచి గక్కడనే ఉన్నది" అన్నాడు మామ. "గాయిన గా నీళ్లే తాగి ముసలోడయిండు. కుప్పను ఊరవతల పెడితె రాత్రికి రాత్రి ఎవడన్న బండ్లు కట్టుకపోతడు."

చలికాలమంతా ఆ సంగతి అక్కడే ఆగింది. ఎండాకాలంలో బావి అడుగంటింది. పూడిక తీయడానికి ఒకాయనను దింపారు. కాసేపటికి లోపలి నుంచి పిలిచాడు. "పటేలా, జర ఒంగి చూడు. కొట్టం దిక్కు రాళ్ల సందులకెల్లి ఏందో ఊరుతున్నది."

మామ గట్టు మీద బోర్లా పడుకుని చూశాడు. నేనూ చూశాను. బావిలో మూడు దిక్కుల రాళ్లు ఎండి తెల్లగా ఉన్నాయి. పెంటకుప్ప దిక్కు మాత్రం నల్లటి తడి చారలు చారలుగా కిందికి దిగుతోంది. పశువుల మూత్రమంతా కాలువ కట్టి ఆ కుప్పలోకే పోయేది కదా. బొక్కెనలో పైకి వచ్చిన బురదను మామ వేళ్లతో తీసి వాసన చూశాడు. ఆయన మొహం నేను మరిచిపోను.

"గిదేనా మనం తాగింది?" అన్నాడు. ఎవరినీ అడగలేదు, తనలో తానే అన్నాడు. ఆ తర్వాత మా యారాలి వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

ఎక్కడికి జరపాలన్న మాట వచ్చినప్పుడు ఆమే చెప్పింది. "మా తల్లిగారి దిక్కు పసులను ఊరవతల దొడ్లె కడ్తరు మామా. ఎరువు గూడ గక్కడనే చెలకల పడ్తది. మళ్ల బండ్లకెత్తి మోసే బాధ ఉండది."

ఎరువు తోలే శ్రమ తప్పుతుందన్న మాట మామకు బాగా పట్టింది. ఆ వైశాఖంలోనే బండ్లు కట్టించాడు. కుప్పను తవ్వుతుంటే అడుగున మట్టి కూడా నల్లగా మారి ఉంది. దాన్ని కూడా ఎత్తించాడు. ఊరవతల మా చెలక, అంటే మెట్టచేను, గట్టున తాటాకుల కొట్టం లేచింది. కాపలాకు తానే మంచం వేయించుకున్నాడు. బావి చుట్టూ ఎత్తుగా గచ్చు కట్టించాడు. ఆయన ఒకటి నమ్మితే సగం పని చేసే మనిషి కాదు.

తమాషా ఏమంటే, కుప్ప కనిపించకపోయేసరికి మామ పశువులను అమ్ముకున్నాడని, ఇల్లు దిగజారిందని ఊళ్లో పుకారు పుట్టింది. ఆయన పరేషాన్ అయ్యాడు. వచ్చిన ప్రతి మనిషినీ చెలకకు తీసుకుపోయి బర్రెలను చూపించి తెచ్చేవాడు.

మరుసటి వానాకాలం మా ఇంట్లో నీళ్లకు రంగు రాలేదు. నా బిడ్డ తిరిగింది, ఆడింది. మా యారాలికి మరో రెండేళ్లకు కొడుకు పుట్టాడు. వాడికి ఎప్పుడూ కడుపు పారలేదని చెప్పను. పారింది. పారిన పూటే నీళ్లు పోశాం, లేచి కూర్చున్నాడు. అన్నిటికంటే వింత మా అత్తమ్మది. ఎవరింట్లో పిల్లకు బాగాలేదన్నా బెల్లం గడ్డ కొంగున కట్టుకుని బయలుదేరేది. "నీళ్లు బంద్ పెట్టకుండ్రి, పిల్ల ఎండిపోతది" అని కోప్పడేది, ఆ సంగతి తానే కనిపెట్టినట్టు. నేనూ మా యారాలూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవాళ్లం, అడ్డం మాత్రం పడలేదు.

ఊరికి ఆవల, వాగు ఒడ్డున లంబాడీల తండా ఉంది. అక్కడి నుంచి ఒకామె మా పొలంలో నాట్లకు వచ్చేది. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. ఎనభైలు మొదలైన కొత్తలో ఒక వానాకాలం ఆమె పనికి రావడం మానేసింది. వెతుక్కుంటూ పోయాను. ఆమె చిన్నబిడ్డ చాప మీద పడి ఉంది. ఒక్క ఆమె ఇంట్లోనే కాదు, వరుసగా ఇంటింటా పిల్లలు పడి ఉన్నారు. మా అత్తమ్మ బెల్లం అక్కడికీ చేరింది. కానీ నీళ్లు ఎక్కడివని అడిగితే ఆమె నన్ను వాగు దగ్గరికి తీసుకుపోయింది. ఇసుకలో చెలిమ తవ్వి, ఊరిన నీళ్లు చిప్పతో తోడుకుంటున్నారు. కొంచెం ఎగువన బర్రెలు నీళ్లలో పొర్లుతున్నాయి.

"ఎవలయి అక్కా?" అని అడిగాను.

"మీయే అమ్మా" అంది ఆమె, నెమ్మదిగా, నా కళ్లలోకి చూస్తూ.

ఆ సాయంత్రమే మామతో చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. వాగు అందరిది అన్నాడు. అప్పుడే ఊరికి ఒక బోరింగు వచ్చే మాట నడుస్తోంది. చేతితో కొట్టే పంపును మేం అప్పట్లో బోరింగు అనేవాళ్లం. అది ఎక్కడ వేయాలో మామ మాట మీద ఆధారపడి ఉంది. ఆయన మా ఇంటి ముందు అనుకుంటున్నాడు.

"మన బాయి బాగైంది కద మామా. తండల చెలిమ తప్ప ఏం లేదు" అన్నాను.

"తండల వేస్తె ఊరోళ్లు ఊకుంటరా?"

"ఊరోళ్లకు బాయిలున్నయి. తండోళ్లకు ఓట్లున్నయి."

ఆయన నన్ను తేరిపార చూసి, పెద్దగా నవ్వాడు. బోరింగు తండాలో పడింది. ఓట్ల కోసమే వేయించాడని కొందరు ఇప్పటికీ అంటారు. అననీ. నీళ్లు వచ్చాయి.

అయితే పంపు పడిన కొన్నాళ్లకే దాని చుట్టూ బురద గుంట తయారైంది. గుంట కనిపిస్తే బర్రెలు ఊరుకుంటాయా? ఒకరోజు మామ ఎవరో నాయకుడిని వెంటబెట్టుకుని పంపు చూపించడానికి పోయాడు. పని మీద నేనూ అటే ఉన్నాను. మా బర్రెలు కాసే ముసలాయన మందను ఆ గుంటలోకి తోలుతున్నాడు. తండా అక్క చేతిలో కట్టె పట్టుకుని పంపుకు అడ్డంగా నిలబడి ఉంది.

"గీడికి తేకు! గివి మనుషుల నీళ్లు! గీడ పెండ పెడితె గదే మా పిల్లల కడుపులకు పోతది!"

"పటేల్ బర్రెలే" అన్నాడు ముసలాయన.

"పటేల్‌వైతె పటేల్ ఇంటికి తోలుకపో!"

మామ మొహం ఎర్రబడింది. నాయకుడు ఇబ్బందిగా దగ్గాడు. మామ కండువా సర్దుకుని ముసలాయన వైపు తిరిగాడు.

"ఆమె చెప్తె ఇనవడ్తలేదా నీకు? కుంటకు తోలుకపో. రేపటి నుంచి గీ వాగు దిక్కు గూడ రాకు."

ముసలాయన గొణుక్కుంటూ మందను మళ్లించాడు. తండా అక్క కట్టె పక్కన పెట్టి, బిందె పంపు కింద సర్ది, కొట్టడం మొదలుపెట్టింది. వారం తిరగకముందే తండా ఆడవాళ్లందరూ కలిసి రాళ్లు మోసి ఆ గుంటను పూడ్చారు, నీళ్లు నిలవకుండా చిక్కుడు పాదుల దాకా కాలువ తీశారు. ఆ పాదులకు కాసిన చిక్కుళ్లు ఆమె కొంగున పోసుకుని మా ఇంటికి తెస్తే, మా యారాలు అదే రోజు కూర వండింది.